చక్రాలు దించిన చెయ్యి

"ఎడమ చేత్తో పోస్తావేమే, కోడలుపిల్లా? వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది అత్తగారు, మొహం మీది నవ్వు చెదరకుండా.

ఏమనుకుంటారో కామ్షాత్‌కి తెలుసు. కోడలు టీ పోసే తీరును బట్టి ఇంటి మర్యాదను తూచే ఊరది. గిన్నె నిండా పోస్తే తాగి వెళ్ళమన్నట్టు, సగమే పోస్తే ఇంకాసేపు కూర్చోమన్నట్టు. అందుకని పద్దెనిమిది మందికి సగం సగం, మళ్ళీ మళ్ళీ పొయ్యాలి. మొన్నటి నుంచి కుడి భుజం లేవడం లేదని రెండుసార్లు చెప్పింది. నూనె రాసుకోమన్నారు. గొర్రె మాంసం కడిగిందీ, పిండి పిసికి పలచగా ఒత్తిందీ ఆ భుజంతోనే. ఇప్పుడిక చాతగాక, టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన కూలబడి ఎడమ చేత్తో పోస్తోంది.

విందు ఆమె మొగుడు సెయిల్‌ఖాన్ కోసం. విమానం నేలకి గుద్దుకున్నా ప్రాణాలతో బయటపడ్డాడు కాబట్టి గొర్రెను కోసి ఊరికి పెడుతున్నారు. పక్క సీట్లో ఆమె కూడా ఉందన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. తొమ్మిదేళ్ళుగా ప్రతి వసంతంలో అతను ఆ చిన్న విమానాన్ని స్టెప్పీ గడ్డి మైదానం మీద తిప్పుతాడు, ఆమె కిటికీకి మొహం ఆనించి సైగా జింకల మందల్ని లెక్కపెడుతుంది. జీతం మాత్రం అతనికే. "ఊరికే ఇంట్లో కూర్చునే బదులు తోడొస్తుంది" అంటాడు అడిగినవాళ్ళతో. ఊరికే ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఆమెకీ కోరికే.

"అసలేం జరిగిందంటే..." సెయిల్‌ఖాన్ నాలుగోసారి మొదలుపెట్టాడు. "గాల్లో ఉండగా కరెంటు పోయింది. రేడియో మూగబోయింది, మీటర్ల ముళ్ళన్నీ పడుకున్నాయి. మీట నొక్కితే చక్రాలు దిగవు. ఇక లాభం లేదని చేత్తో తిప్పి దించాను."

కామ్షాత్ చేతిలో గిన్నె ఆగిపోయింది. దించాడట. అతను రెండు చేతులా స్టీరింగు పట్టుకుని "తిప్పవే, ఇంకా తిప్పు, పనికిమాలినదానా" అని అరుస్తుంటే, సీటు పక్కకి ఒరిగి ఆ ఇనప పిడిని తిప్పింది ఎవరు? యాభై రెండు చుట్లు. చివరి చుట్లకి భుజంలో ఏదో తెగినట్టయింది. ఎడమ చక్రం సగంలో బిగుసుకుపోయింది. నేల తగలగానే అది మడుచుకుపోయి, రెక్క మట్టిని దున్నుకుంటూ పోయి విమానం ఒరిగి ఆగింది. కిందికి దిగాక ఆమెతో అతను అన్న మొదటి మాట, "ఇంకాస్త గట్టిగా తిప్పి ఉండాల్సింది."

పోనీ, అదీ మింగేసేది. ఇలాంటివి ఎన్ని మింగలేదు. మింగుడుపడనిది వంటింట్లో రొట్టెల గంప కింద ఉంది. పొద్దున అతను పెట్టిపోయిన కాగితం. రేపు విచారణకి వచ్చే అధికారికి ఇవ్వాలట, కింద ఆమె సంతకం ఉండాలట. బయలుదేరేముందు అంతా సవ్యంగానే ఉందనీ, మెకానిక్ ఏమీ చెప్పలేదనీ అందులో రాసుంది. చెప్పకపోవడమేం? మెకానిక్ రయా రెక్క కింద నిలబడి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "జనరేటర్ సరిగా లేదు, ఎర్ర లైటు ఆరడం లేదు, ఇవాళ ఎగరొద్దు" అంది. "ఆ లైటు ఎప్పుడూ అంతే. మీ ఆడవాళ్ళకి అన్నిటికీ భయమే" అన్నాడు సెయిల్‌ఖాన్. అంతా విని కూడా కామ్షాత్ నోరు మూసుకుని ఎక్కి కూర్చుంది. ఆ సిగ్గు భుజం కన్నా ఎక్కువగా సలుపుతోంది. ఇప్పుడు సంతకం పెడితే రయా ఉద్యోగం పోతుంది. ఆ ఊళ్ళో విమానాలు బాగుచేసే ఆడమనిషి ఆమె ఒక్కతే.

"నీ సంతకం ఏమంత పని? రెండు గీతలు గీకితే చాలు" అని పొద్దున చెప్పి వెళ్ళాడు.

భోజనాలయ్యాక ఊరి పెద్ద ఒరాజ్ తాత దీవెనకి అరచేతులు ఎత్తాడు. అందరూ ఎత్తారు.

"మన సెయిల్‌ఖాన్ చేతులు చల్లగా ఉండాలి. ఆ చేతులే మొన్న ఈ ఇంటి దీపాన్ని..." తాత ఆగాడు. "ఏమ్మా, మొగుడికి దీవెన అక్కర్లేదా? చేతులెత్తవేం?"

"కుడి చెయ్యి లేవదు తాతా. చక్రాలు దించింది ఈ చెయ్యే." కామ్షాత్ గిన్నె కింద పెట్టింది. "విమానం నేల మీద ఉండగానే ఎర్ర లైటు వెలిగింది. రయా వద్దంది. నేను విన్నాను."

సెయిల్‌ఖాన్ నవ్వాడు. "భయంతో బిగుసుకుపోయింది తాతా, దానికేం గుర్తులేదు. వెళ్ళి టీ చూడు."

"ఇంటి మాట ఇంట్లో ఉండనీవే" అని అత్తగారు పళ్ళ బిగువున గొణిగింది.

"ఇంటి మాటకి రయా ఉద్యోగం ఎందుకు పోవాలి అత్తయ్యా?"

దీవెన పూర్తి చెయ్యకుండానే తాత మెల్లగా చేతులు దించుకున్నాడు. కామ్షాత్ వంటింట్లోకి వెళ్ళి కాగితం తెచ్చి, సంతకం లేకుండానే మొగుడి ముందు పెట్టింది.

"రేపు ఆ అధికారి వచ్చినప్పుడు టీ నువ్వు పోస్తావు" అంది. "నేను ఆయనకి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి."