లోపలి వైపు సొట్ట

ఆ మధ్యాహ్నం కారుమబ్బులు పనిగట్టుకుని మా అన్నయ్య కారు మీదికే వచ్చాయి. మబ్బుకి ‘కారు’ అని పేరు తగిలించిన మహానుభావుడెవరో ఈ రోజుని ముందే చూసి ఉంటాడు. వీధిలో మిగతా బళ్ళన్నీ ఏదో ఒక నీడ పట్టున సర్దుకున్నాయి. ఇదొక్కటే గేటు బయట, యజమాని పోయిన కుక్కలా, ఎక్కడ వదిలారో అక్కడే నిలబడి ఉంది.

అన్నయ్య పోయి ఏడాది దాటింది. మేం ఉండేది పై వాటాలో, వదినా అన్నయ్య కూతురూ కింది వాటాలో. నేను బాల్కనీలోంచి చూస్తున్నాను. మొదట శనగగింజలంత వడగళ్ళు పడ్డాయి, తర్వాత గోలీలంత, ఆ తర్వాత నిమ్మకాయలంత. కారు పైకప్పు మీద ఆ మోత వింటే వంద మంది వంటవాళ్ళకి ఒకేసారి కోపం వచ్చినట్టుంది.

అంత మోతలో కింద తలుపు తెరుచుకుంది. వదిన బయటికొచ్చింది. గొడుగు లేదు, తల మీద కొంగైనా లేదు. “వస్తున్నా, వస్తున్నా” అంటూ గేటు తీసి, రాళ్ళ మధ్య పరిగెత్తినట్టే వెళ్ళి, స్టీరింగు వైపు తలుపు తెరిచి, లోపలికి చూస్తూ నిలబడిపోయింది.

నేను ప్లాస్టిక్ బకెట్ నెత్తిన బోర్లించుకుని మెట్లు దిగాను. ఆ వేషంలో నన్ను చూసి నవ్వని మనిషి ఉండకూడదు. వదిన కనుబొమ్మ మీద చిట్లి నెత్తురు కారుతోంది. ఆవిడ నవ్వలేదు.

“కొట్టారు. విన్నావా?” అంది.

నా నోరు నాకంటే ముందు పుట్టింది. వడగళ్ళు కొట్టక ముద్దు పెట్టుకుంటాయా వదినా అన్నాను. మామూలుగా నా హాస్యానికి ఆవిడ నవ్వదు గానీ, కనీసం నోర్మూసుకోమంటుంది. ఆ రోజు అదీ అనలేదు. బకెట్‌లో సగం ఆవిడ తలకీ సగం నా తలకీ పంచి లోపలికి తీసుకొచ్చాను.

ఆవిడ ఏం విన్నదో అర్థం కావాలంటే మా అన్నయ్య అలవాటు చెప్పాలి. వదిన ఎక్కడికి బయల్దేరినా ఆలస్యమే. కళ్ళజోడు కనబడదు, అది కనబడితే తాళం కనబడదు, రెండూ దొరికితే పెరటి తలుపు వేశానా లేదా అన్న అనుమానం కనబడుతుంది. అన్నయ్య ముందే వెళ్ళి కార్లో కూర్చునేవాడు. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, వేలి ఉంగరంతో పైకప్పు అంచు మీద కొట్టేవాడు. టక్. టక్‌టక్. లోపల్నుంచి “వస్తున్నా” అని వినబడేది. ఆ మాటకీ మనిషికీ మధ్య నేను పేపర్ మొత్తం చదివేసేవాణ్ణి, ప్రకటనలతో సహా. అన్నయ్యది ఉంగరం దెబ్బ, వదినది ఉత్తుత్తి జవాబు అని మేం నవ్వుకునేవాళ్ళం.

ఒక పొద్దున అలాగే కొట్టాడు. వదిన అలాగే “వస్తున్నా” అంది. కళ్ళజోడు దొరకబుచ్చుకుని వచ్చేసరికి అన్నయ్య తల స్టీరింగు మీద ఉంది. ఆయనకి తెలిసేలోపే అయిపోయి ఉంటుందమ్మా, నిమిషం కూడా పట్టి ఉండదు అన్నాడు డాక్టరు. ఏడాదిగా మా ఇల్లు ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం వదిన వెళ్ళి ఆ కార్లో కాసేపు కూర్చుంటుంది. స్టీరింగు పక్క సీట్లో, తనెప్పుడూ కూర్చునే చోట. పెట్రోలు లేని ప్రయాణం అన్నాను ఒకసారి. మళ్ళీ అనలేదు.

వడగళ్ళ మర్నాడు ఎండలో చూస్తే కారు ఒళ్ళంతా సొట్టబుగ్గలే. నవ్వడం మాత్రం లేదు. అమ్మాయికి ఊరి చివర ఉద్యోగం దొరికింది. దానికి ఈ కారే దిక్కు. “బాబాయ్, దీన్ని తీసుకుని ఆఫీసుకి వెళ్తే గేటు దగ్గరే చిల్లర వేస్తారు, బాగు చేయించు” అని నా వెంట పడింది. వదిన వద్దంది. వద్దు అనేదే వదిన అని వ్యాకరణం చెప్పబోయాను గానీ ఆవిడ ముఖం చూసి మింగేశాను. ఎందుకు వద్దో అడిగితే చెప్పదు. నాలుగైదుసార్లు అమ్మాయి ఏడ్చింది, నేను అరిచాను. చివరికి ఒక సాయంత్రం, అమ్మాయి ఇంట్లో లేనప్పుడు, నన్ను కిందికి పిలిచింది.

“ఆ రోజు గట్టిగా కొట్టారు” అంది.

నాకు అర్థం కాలేదు. ఏ రోజు అన్నాను.

“ఆ రోజే. రోజూ కొట్టినట్టు కాదు. గట్టిగా. చిరాకు పడుతున్నారనుకున్నా. నాకూ పౌరుషం వచ్చింది. కళ్ళజోడు చేతిలోనే ఉంది. అయినా కూర్చున్నా కాసేపు.”



రిపేరుకి ఒప్పుకుంటానంది, కానీ ఒక షరతు. ఉంగరం తగిలే చోట, తలుపు పైన, రేకుని రిపేరు పనివాడికి చూపించాలి. ఏది వడగళ్ళ దెబ్బో ఏది చేతి దెబ్బో ఆ పనివాడు చెప్పగలడా? చెప్పగలిగితే, వాటిల్లో గట్టిగా కొట్టినది ఉందా లేదా? అది తనకి తెలియాలి. తనే వెళ్ళి అడగలేదట. నేను వెళ్ళి వినొచ్చి చెప్పాలట.

మా పేటలో సొట్టలు తీసేవాణ్ణి అందరూ డెంటిస్టు అంటారు. ఆ పేరు నేను పెట్టింది కాదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను, పెట్టాల్సింది నేనే. సుత్తి వాడడు, రంగు వెయ్యడు. రేకుని లోపలి వైపు నుంచి వంకర ఊచలతో మెల్లగా ఒత్తి, గుంటని మళ్ళీ పైకి తెస్తాడు. పైనుంచి కొట్టడం చేతగానివాడి పని అని అతని సిద్ధాంతం. అతని షెడ్డు ఇరుకు, చీకటి. చారలు గీసిన ఒక లైటు పలకని కారు పక్కన బల్ల మీద నిలబెడతాడు, వచ్చినవాళ్ళు కూర్చునేదీ ఆ బల్ల మీదే. రేకు బాగున్న చోట చారలు తిన్నగా కనబడతాయి. సొట్ట ఉన్న చోట వంకర తిరుగుతాయి. ఆ వంకర చుట్టూ మైనం పెన్సిలుతో సున్నా చుడతాడు. పని మొదలయ్యేసరికి మా కారు లెక్కల్లో నా పాత జవాబు పత్రంలా ఉంది. ఎక్కడ చూసినా సున్నాలే.

ఆ మాట అతనితోనూ అన్నాను. “సార్, మీరు నవ్వితే బల్ల కదుల్తోంది. బల్ల కదిలితే గీత కదుల్తోంది” అన్నాడు. ఊరికే కూర్చున్నాను. అతను ఒత్తుతుంటే చారలు ఒక్కొక్కటీ నిద్రలో ఒత్తిగిలినట్టు కదిలి, తిన్నగా సర్దుకుంటున్నాయి. ఆ చీకట్లో, ఆ కారు పక్కన, అన్నయ్య ఏ క్షణంలోనో అద్దం దించుతాడేమో అనిపించి నేను సీటు వైపు చూడటం మానేశాను.

తలుపు పైభాగానికి వచ్చేసరికి వదిన ప్రశ్న అడిగాను. లైటు దగ్గరగా జరిపాడు. వేలితో తడిమాడు.

ఇవి వడగళ్ళవి కావన్నాడు. వడగల్లు గుండ్రంగా, వెడల్పుగా పడుతుంది. ఇవి సూదిమొనల్లా సన్నగా, అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఏదో గట్టి వస్తువుతో ఏళ్ళ తరబడి తట్టినవి, కొన్నిచోట్ల రంగు కూడా లేచిపోయింది. గట్టి దెబ్బ ఏదైనా ఉందా అన్నాను. మళ్ళీ చూశాడు. లేదు, అన్నీ ఒకే లోతు, బిడ్డని జోకొట్టినట్టున్నాయి అన్నాడు.

నాకు గంతెయ్యాలనిపించింది. వదిన చెవుల్లో ఏడాదిగా మోగుతున్నది ఉత్త చెవుల భ్రమ. అన్నయ్య ఎప్పట్లాగే తట్టాడు, ఎప్పట్లాగే ఎదురుచూశాడు, డాక్టరు చెప్పినట్టే వెళ్ళిపోయాడు. ఫోను తీశాను.

“ఆగండి సార్. లోపల ఒకటుంది” అన్నాడు డెంటిస్టు.

అది పాత మోడల్. లోపల పైకప్పుకి అట్ట ఉండదు, తీగల మీద లాగి కట్టిన గుడ్డే. పైకప్పు సొట్టలు తియ్యాలని ఆ గుడ్డ విప్పాడు. స్టీరింగు సీటుకి సరిగ్గా పైన రేకు లోపలికి కాదు, పైకి ఉబ్బి ఉంది. వంద సొట్టల మధ్య అదొక్కటే తిరగబడ్డ సొట్ట. బయటినుంచి చూస్తే చిన్న బుడిపె, వడగళ్ళ గుంటల మధ్య ఎవరికీ కనబడలేదు. లోపల్నుంచి చూస్తే బొటనవేలు దూరేంత గుంట.

“ఇది లోపల్నుంచి కొట్టింది” అన్నాడు.

పిడికిలా అన్నాను.

“పిడికిలో, మోచెయ్యో. నాకు గుంట సంగతి తెలుసు గానీ మనిషి సంగతి తెలీదు. పాతదైతే కాదు. మంచి జోరుగానే కొట్టారు.”

తెలిసేలోపే అయిపోయిందన్న డాక్టరు మాట ఆ గుంటలో పడిపోయింది. తర్వాత తియ్యనా, ఉంచనా అని డెంటిస్టు అడిగాడు. ఈ ఒక్కటి మాత్రం పైనుంచే కొట్టాలట. కప్పు కింద ఇంతకాలం కప్పిపుచ్చి ఉన్న దాని ముందు నిలబడి, నేను ఆలోచించానని చెప్పను. ఆలోచిస్తే వేరేలా చేసేవాణ్ణేమో.

“కొట్టెయ్” అన్నాను.

నా జీవితంలో ఇంతకన్నా పండిన మాట దొరకదు, రెండువైపులా తెగుతుంది. ఆ పూట దాన్ని వాడుకోవాలని కూడా తోచలేదు. అతను పైన ఒక ప్లాస్టిక్ మేకు ఆనించి, చిన్న కొయ్య సుత్తి తీసుకున్నాడు. టక్. టక్‌టక్. ఎందుకలా కొట్టావని అడిగాను. ఎలా అన్నాడు.

గుడ్డ మళ్ళీ కట్టేశాడు. బండి ఇస్తూ ఒక హెచ్చరిక చేశాడు. ఒత్తిన రేకు కొన్నాళ్ళు ఎండ తగిలితే చప్పుళ్ళు చేస్తుందట, పాత చోటికి సర్దుకోవడమట, దానికి ఫోను చేసి గొడవ పెట్టుకోవద్దట.

ఇంటికొచ్చి వదినతో చెప్పాను. అన్నీ చిన్నచిన్న దెబ్బలేనని, గట్టిగా కొట్టినది ఒక్కటీ లేదని. మళ్ళీ చెప్పించుకుంది. జోకొట్టినట్టున్నాయన్నాడు అని కూడా చెప్పాను. లోపల చూశాడా అని అడిగింది. లోపల ఏముంటుంది వదినా, గుడ్డ తప్ప అన్నాను. “సరే” అంది. నోరున్న మనిషికి అబద్ధం సులువు అనుకుంటారు. నిజానికి నాకు అలవాటు లేని పని.

మర్నాడు పొద్దున అమ్మాయికి ఇచ్చేముందు ఒకసారి తిప్పి చూద్దామని వదినే అంది. నేను ముందు వెళ్ళి స్టీరింగు దగ్గర కూర్చున్నాను. అద్దం దించాను. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పేపర్ తెచ్చుకోవాల్సింది అనుకుంటూ రెండు చేతులూ చక్రం మీద పెట్టుకుని కూర్చున్నాను.

లోపల్నుంచి వినబడింది. “వస్తున్నా.”

ఆ మాట వెనకే మనిషి వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు, కళ్ళజోడు లేదు, ఇంటి తలుపు బార్లా తీసే ఉంది. ఆయాసపడుతూ నా పక్క సీట్లో కూర్చుంది. కొట్టావు కదా, వచ్చేశాను అంది. నేను కొట్టలేదు. చెప్పలేదు.

కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత, రోజూ చేసే పనిలా, చూడకుండానే చెయ్యెత్తి నా తల పైన గుడ్డని బొటనవేలితో నొక్కింది. కొంచెం పక్కకి జరిపి మళ్ళీ నొక్కింది. వెనక్కి, ముందుకి. వేలు ఆ గుడ్డ మీద ఇల్లు మారిపోయిన చిరునామా వెతుకుతున్నట్టు తిరిగింది.

అప్పుడు తెలిసింది నాకు, ఏడాదిగా ప్రతి సాయంత్రం ఈ కార్లో ఏం చేస్తోందో.

“ఇక్కడొకటి ఉండేది” అంది.

నేను ముందున్న అద్దంలోంచి వీధినే చూస్తున్నాను.

“వేలు సరిగ్గా పట్టేది. అన్ని రాళ్ళు పడ్డాయి కదా, అదీ వాటిల్లో కలిసిపోయిందేమోననుకున్నా. ఆ సాయంత్రం తడిమి చూస్తే అలాగే ఉంది.” చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. “తీయించేశావా?”

తలూపాను.

“చూశావన్నమాట.”

చూశాను అన్నాను.

తిట్టినా బాగుండేది. నాకు తిట్లు కొత్త కాదు, సర్దుకుంటాను. పాలవాడి సైకిలు వెళ్ళింది. ఎదురింటివాళ్ళు మేడ మీద దుప్పటి దులిపారు. వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది, కనుబొమ్మ మీద గాయం దగ్గర మెల్లగా.

“మళ్ళీ చెప్పు” అంది.

ఏమిటన్నాను.

“నిన్న చెప్పావు చూడు. అది.”

“అన్నీ చిన్న దెబ్బలే వదినా. గట్టిగా కొట్టినది ఒక్కటీ లేదు. బిడ్డని జోకొట్టినట్టున్నాయన్నాడు.”

కళ్ళు మూసుకుని వింది. పోనీలే అన్నట్టు తలాడించింది. నేను తాళం తిప్పబోయాను.

పైన, ఎండలో, రేకు మీద. టక్. టక్‌టక్.

డెంటిస్టు చెప్పిన మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. రేకు, వేడి, సర్దుకోవడం. మూడే ముక్కలు, చెప్పేస్తే అయిపోయేది.

వదిన కళ్ళు తెరవలేదు.

“పక్కనే ఉన్నా” అంది, నాతో కాదు.