అక్క తొందర

పొద్దున్నే కూరగాయల గంపలు దింపేసి, వ్యాను కడిగి, తీరిగ్గా రెండో టీ తాగడం ఆ డ్రైవరుకి అలవాటు. ఆ రోజు అక్క తాగనివ్వలేదు. చేతిలో గ్లాసు లాక్కుని, వ్యానెక్కి కూర్చుంది.

"టైలరమ్మ కొట్టు ఖాళీ చేసేసిందిరా. సాయంత్రం బస్సుకి చెల్లెలి ఊరు వెళ్ళిపోతోంది. పెళ్ళి మాటెత్తితే చాలు, చూద్దాంలే అంటావు. ఇంకెప్పుడు చూస్తావు?"

టైలరమ్మ ఉండేది రాళ్ళ బీడు దాటాక వచ్చే ఊళ్ళో. దారంతా అక్క కుదురుగా కూర్చుంటే ఒట్టు. అద్దం దించుతుంది, ఎత్తుతుంది. ఏ ఉద్యోగంలోనూ నిలవలేదు, ఏ అద్దింట్లోనూ పెట్టె పూర్తిగా విప్పలేదు ఆవిడ.

బీడు మధ్యలో రాయి ఎగిరి వ్యాను అడుగున ఠంగుమని తగిలింది. కొంత దూరం పోయాక ఇంజను దగ్గి ఆగిపోయింది. డ్రైవరు కిందకి దూరి చూస్తే ట్యాంకుకి చిల్లు. పెట్రోలంతా దారిపొడుగునా కారిపోయింది.

"సబ్బుందా అక్కా?"

అక్క సంచిలోంచి సబ్బు తీసిచ్చింది. దాన్ని మెత్తగా పిసికి, చిల్లులో కూరి, పైన పాత ట్యూబు ముక్క బిగించాడు. చిల్లు పూడింది గానీ ఏం లాభం? లోపల చుక్క లేదు.

"ఎవరో ఒకరు రాకపోరు" అని నీడన చతికిలబడ్డాడు.

అక్క వ్యాను చుట్టూ తిరిగింది, ఎండ వాలడం చూసింది, మళ్ళీ తిరిగింది. చివరికి రెండు అరచేతులూ బానెట్ మీద ఆన్చింది.

"లే. తాళం తిప్పు."

ఇంట్లో కరెంటు పోతే స్విచ్చు మీద ఆనించి ఫ్యాను తిప్పేవి ఆ చేతులే. గడియారం ముందుకు పరిగెడుతుందని నాన్న ఆవిణ్ణి దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"నీ తొందరంతా దీన్లో పోసెయ్యకు, కాస్త ఉంచుకో" అన్నాడు తమ్ముడు.

"ఉంచుకుని ఏం చేసుకోను?"

ఇంజను గర్జించింది. అక్క మెల్లగా ఎక్కి, తల వెనక్కి వాల్చి నిద్రపోయింది. స్టీరింగు అదురు అతని మణికట్ల మీదుగా భుజాలకెక్కింది, గుండెల్లోకి దిగింది. గుంత కనిపిస్తే దిగి చూసే మనిషి, బ్రేకు మీద కాలే పెట్టలేదు.

బస్టాండులో బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన టైలరమ్మ, ఆమె పక్క సీట్లో దుప్పటి చుట్టిన కుట్టుమిషను. అతను పరుగున వెళ్ళి ఎక్కాడు.

"ఇప్పుడా రావడం? ఉండిపోమనకు. అక్కడ కొట్టు మాట్లాడేసుకున్నాను."

"ఉండమనట్లేదు. ఆ మిషను తియ్యి. నేనూ వస్తున్నా."

"వ్యానో?"

"అక్క చూసుకుంటుంది."

"మరి బట్టలు?"

"నువ్వు కుడతావుగా."

ఆమె మిషను ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

బస్సు వెళ్ళిపోయిన ఎంతోసేపటికి అక్కకి మెలకువ వచ్చింది. బస్టాండుకి ఎదురుగానే టైలరమ్మ ఖాళీ చేసిన కొట్టు. దిగి నింపాదిగా లోపలికి నడిచి, కిటికీ తెరిచి, చల్లటి నేల మీద కాళ్ళు చాపుకుంది. బయట వ్యాను ఇంకా అదురుతూనే ఉంది.

కొట్టు యజమాని గుమ్మంలోంచి తొంగి చూశాడు. "అద్దెకేనా అమ్మా? ఎన్నాళ్ళుంటారు?"

"ఏమో బాబూ" అంది అక్క, "తొందరేముంది."