ఏడేళ్ళకు తిరిగొచ్చిన పదో పాట

లారెల్ లోయలో చిక్కుళ్ళ కాలం వస్తే సాయంత్రాలన్నీ ఒకేలా ఉంటాయి. మొక్కజొన్న రొట్టె, ఉడికించిన బీన్సు తినేసి, వసారాల్లో కూర్చుని, చిక్కుడుకాయల్ని సూదితో దారానికి గుచ్చి చలికాలానికి ఎండగడతారు. చేతులు కాయల మీద ఉంటాయి, చెవులు ఎదుటి కొండ మీద. ఆ కొండ ఏ మాటనూ వెంటనే తిరిగివ్వదు. ఏడేళ్ళు దాచుకుని, అదే రోజు, అదే వేళకు, ఒక్కసారే ఇస్తుంది.

నా పడుచుతనంలో ఆ కొండకేసి ఒక పాట బాంజో మీద వాయించాను. అది తిరిగొచ్చిన రోజున మా కెంటకీలో మూడు జిల్లాల కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసి వరసగా నిలబడి విన్నాయి. అబద్ధమైతే మా పక్కింటి ఓమా అత్తను అడగండి. ఆమె పోయి పదేళ్ళయింది, కాదనదు.

ఓమా అత్త బతికున్న రోజుల్లోనే, డెబ్బై ఒకటో సంవత్సరంలో, మా లోయలో పాటలు పాడే పిల్ల ఆర్డిత్ తొలి ఆల్బమ్ రికార్డు చేయడానికి నాష్‌విల్ నుంచి ప్రూయిట్ అనే ఆయన యంత్రం తెచ్చి ఆ పిల్ల ఇంటి వసారాలో దింపాడు. పది పాటలు కావాలన్నాడు. తొమ్మిది అయిపోయాయి. వాటికి బాంజో నాదే. వింటే నలుగురు వాయించినట్టుంటుంది, ఉన్నది నేనొక్కణ్ణే.

పదోది ఆర్డిత్ వాళ్ళమ్మ నేర్పిన పాట. ఇద్దరు పాడాల్సింది. పైగొంతు ఆర్డిత్‌ది, కింది గొంతు వాళ్ళక్క లవెల్లాది. లవెల్లా పోయి ఏడేళ్ళు కావస్తోంది. ప్రూయిట్ నగరం నుంచి ఒక అమ్మాయిని పిలిపించాడు. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు. అయినా రెండో చరణం దాటకుండానే ఆర్డిత్ నోరు మూసుకుంది.

"ఆ పిల్లలో తప్పేముంది?" అన్నాడు ప్రూయిట్.

"తప్పేం లేదు. మా అమ్మ కడుపున పుట్టలేదు, అంతే."

"అమ్మాయ్, శనివారం నేను వెళ్ళిపోతాను. తొమ్మిది పాటల ఆల్బమ్ మా కంపెనీ వెయ్యదు. ఇంకో ఏడాదికి నీ పేరెవరికీ గుర్తుండదు."

"నాకు తెలుసు, ప్రూయిట్ గారూ."

ఆమెకు తెలిసింది ఇంకోటి కూడా ఉంది. శుక్రవారం సాయంత్రానికి సరిగ్గా ఏడేళ్ళు. ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకున్నారు, ఆ సాయంత్రమే అక్క పోయింది. ఏడేళ్ళుగా ఆర్డిత్ ఆ మాటలు తిరిగొచ్చే రోజును తలచుకునే భయపడుతోంది.

శుక్రవారం పొద్దు వాలుతుంటే లోయలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఓమా అత్త చిక్కుళ్ళ చాట ఎత్తుకుని లోపలికి పోతుంటే ప్రూయిట్ అడిగాడు, వాన వస్తుందా అని.

"వాన కాదు నాయనా. ఆ పిల్ల మాట తిరిగొచ్చే వేళ. మనది కాని తగువు మనం వినకూడదు."

"ఓహో. మా టెనెస్సీ కొండలైతే నాలుగేళ్ళకే ఇచ్చేస్తాయి."

"మీ వాళ్ళకు అన్నిటికీ తొందరే," అని ఆమె తలుపేసుకుంది.

ఇరుగుపొరుగు నన్నూ వెళ్ళమన్నారు. ఆర్డిత్ మాత్రం, "నువ్వుండు బాబాయ్, ఒక్కదాన్నే వినలేను," అంది. ప్రూయిట్ యంత్రంలో టేపు రీళ్ళు సరిచూస్తూ ఉండిపోయాడు. యంత్రం తిరుగుతూనే ఉంది.

ముందు పంతొమ్మిదేళ్ళ ఆర్డిత్ గొంతే వచ్చింది. "నువ్వు వెనకాల గొణుగుతుంటే నా పాట ఎవరికి వినపడుతుంది? నీ తోడు నాకక్కర్లేదు. ఒక్కదాన్నే పాడుకుంటాను, పో." ఇరవయ్యారేళ్ళ ఆర్డిత్ తల వంచుకుని విన్నది. ఆ మాట అనేసి లోపలికెళ్ళి దిండు కింద తల పెట్టుకున్నదట. తర్వాత వసారాలో ఏం జరిగిందో ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

కొండ కాసేపు ఊరుకుంది. తర్వాత లవెల్లా గొంతు వచ్చింది. అమ్మ పాట. కింది గొంతు ఒక్కటే. పైగొంతు అందుకోవాల్సిన ప్రతి చోటా ఆగి, చెల్లెలు బయటికొస్తుందేమోనని చూసి, రాకపోతే మళ్ళీ సాగుతూ, మొదటి చరణమంతా పాడింది.

నేను పిడుగు పడ్డప్పుడు కూడా తాళం తప్పనివాణ్ణి. ఆ రోజు నా వేళ్ళు తీగల మీద కదల్లేదు.

రెండో చరణం దగ్గర లవెల్లా మళ్ళీ ఆగింది. ఆర్డిత్ అందుకుంది.

ఆ రికార్డు మీరు వినే ఉంటారు. చివరి పాట మొదటి చరణంలో పైగొంతే లేదని, అచ్చులో పొరపాటని, జనం దుకాణాలకు తిరిగిచ్చేశారు. వారం తిరక్కుండా వాళ్ళే మళ్ళీ కొనుక్కున్నారు. ఇక పాడనని మనసులో తేల్చుకున్న ఆర్డిత్ ఆ ఒక్క పాటతో ముప్పయ్యేళ్ళు ఊరూరా పాడింది.

ఆ సాయంత్రం పాట అయిపోయాక కొండ ఇంకా ఊరుకోలేదు. మళ్ళీ లవెల్లా గొంతే. "ఆర్డీ, డ్యూటీకి వేళయింది. కోపం పోయాక తిను, రొట్టె పొయ్యి మీదుంది." తర్వాత బండి తలుపు, బండి కదిలిన చప్పుడు. ప్రూయిట్ యంత్రం ఆపబోతే ఆర్డిత్ అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి."

గులకరాళ్ళ మీద బండి మొదటి మలుపు తిరిగింది. రెండోది తిరిగింది. ఆ కింద, ఏడేళ్ళ కిందటి వానకు కొట్టుకుపోయిన వంతెన ఉంది, లవెల్లా పోయింది అక్కడే. బండి అక్కడికి చేరకముందే కొండ నోరు మూసుకుంది.

"సరే అక్కా," అంది ఆర్డిత్.