పన్నెండో కమాను

ఆ ఉపాధ్యాయ శిక్షణ కాలేజీ పాత హాలుకు కిటికీలన్నీ ఎడమవైపే ఉండేవి. రాసే చేతి నీడ పుస్తకం మీద పడకూడదని నూరేళ్ల కిందట ఎవరో బుర్రపెట్టి కట్టించారు. నమూనా పాఠాలకు వచ్చే బడిపిల్లలకు తగలకుండా గోడల అంచులు గుండ్రంగా తీర్చారు. వెనక మెట్లు మెట్లుగా చెక్క బల్లలు. వాటి మీద కూర్చున్న ప్రతి బ్యాచీ, ముందు నిలబడి పాఠం చెప్పేవాడి చెమటలు చూసి నవ్వుకునేది, తన వంతు వచ్చేదాకా.

డ్రాయింగు టీచరమ్మ అక్కడే చదివి, అక్కడే ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తోంది. హాలు కూల్చి కొత్త బ్లాకు కడతామని పైనుంచి కబురు రాగానే కాళ్లరిగేలా తిరిగి, పాత కట్టడాల ఆఫీసరును తీసుకొచ్చింది. ఆయన హాలంతా కొలిచి, కాపాడదగ్గదేనని నివేదిక రాసి, చిత్తుప్రతి కాలేజీకి పంపాడు. నెలాఖరులోగా సంతకంతో తిప్పి పంపితే చాలు, ఇక హాలు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేరు.

"మీకంటే తెలిసినవాళ్లెవరు టీచరమ్మా, ఓసారి చూసి పంపించెయ్యండి," అన్నారు ప్రిన్సిపాల్, సంతకం పెట్టేసి.

చూసింది. పన్నెండు కమానులుంటే పదకొండని రాశాడా మహానుభావుడు. ఎత్తు అడుగు తక్కువ. తూర్పు వరండాను పడమటికి తోసేశాడు. టీచరు చేతికి కాగితమిచ్చి ఊరికే చూడమంటే ఊరుకుంటుందా? ఎర్ర పెన్ను తీసి పేజీ పేజీనా దిద్దింది. చివర "శ్రద్ధ అవసరం" అని కూడా రాసి, మురిసిపోతూ పోస్టు చేసింది.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఫోన్ చేసింది.

"సంతకం ఉన్నా సరే, ఎర్ర సిరాతో తిరిగొస్తే మా దగ్గర అభ్యంతరం కిందే లెక్కండీ," అన్నాడు ఆఫీసరు. "నేను చెప్పి చూశాను, మా పైవాళ్లు వినలేదు. ఫైలు మూసేశారు. ఆ తప్పులు తర్వాత సరిచేసుకునేవాళ్లం కదా మేడమ్."

"తప్పులున్నాయి కదండీ," అంది.

కూల్చడానికి రెండు రోజులే పట్టింది. ఆ రెండు రోజులూ పక్కనున్న రేకుల షెడ్డులో పాఠం చెప్పింది. బోర్డు మీద దుమ్ము పడితే తుడిచి మళ్లీ రాసింది. ఏడుపొస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ఆకలి మాత్రం వేళకు వేసింది.

"ఏంటక్కా, అలా ఉన్నావ్?" అంది ఇంట్లో చెల్లెలు.

"ఎలా ఉన్నానే?" అని నిజంగానే తెలియక అడిగింది.

శనివారం స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ హాలు సంగతి ఎత్తారు. "మన టీచరమ్మ ఎంత పాటుపడ్డారో మీ అందరికీ తెలుసు. ఆ ఆఫీసరే పట్టించుకోలేదు."

లెక్కల మాస్టారు లేచి ఆఫీసరును దుమ్మెత్తిపోశాడు. మిగతావాళ్లూ తలో మాటా అన్నారు. "నేనే" అన్న మాట టీచరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. గదిలో అందరూ ఆవిడ వైపు జాలిగా చూస్తున్నారు.

"పోనీండి, ఆయన్నని ఏం లాభం," అంది.

"ఎంత పెద్ద మనసమ్మా మీది!" అన్నారు ప్రిన్సిపాల్. అందరూ చప్పట్లు కొట్టారు.