మీటల పెట్టె పెట్టిన కూత

నేను ఒక గ్రాఫిక్ ఈక్వలైజర్ని. ఆ పేరు నోరు తిరగక కాకినాడలో నన్ను అందరూ మీటల పెట్టె అనేశారు. అననివ్వండి. పేరు గురించి పేచీ పెట్టుకునే ముఖం నాకిప్పుడు లేదు. నా కథ చెప్పుకోవాలంటేనే సిగ్గేస్తుంది. అయినా చెబుతాను, ఇందులో పరువు పోయింది నా ఒక్కదానిదే కాదు కాబట్టి.

నా ముఖం మీద బారుగా మీటలుంటాయి. ఎడమ చివరివి మద్దెల, మృదంగం లాంటి లావు ధ్వనుల్ని చూసుకుంటాయి. కుడి చివరివి సన్నటి వాటిని, అంటే గాజుల గలగలని, తాళాల చిరుమోతని, మాటల్లో వచ్చే స, శ, చ లాంటి అక్షరాల్ని చూసుకుంటాయి. మీటని పైకి తోస్తే ఆ ధ్వని పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. అంతకు మించి నాకే విద్యా రాదు. నన్ను సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో, ఇళ్ల కోసం కాదు, పెద్ద పెద్ద హాళ్ల కోసం తయారు చేశారు. హాలన్నాక దానికో గుణం ఉంటుంది. ఒకటి ఊరికే గుయ్యిమంటుంది, ఒకటి మైకు పెట్టగానే కూత పెడుతుంది. ఆ కూత ఎక్కడ పుడుతోందో కనిపెట్టి, ఆ ఒక్క మీటనీ కాస్త దించడానికి నేను పుట్టాను. తగ్గించడమే నా అసలు వృత్తి. ఈ ముక్క మాత్రం మనుషుల తలకెక్కదు. చేతికి మీట దొరికితే చాలు, పైకే తోస్తారు.

రాజమండ్రిలో ఒక సినిమా హాల్లో చాలా ఏళ్లు గౌరవంగా బతికాను. ఆపరేటరు మొదటిరోజునే నా మీటలు సర్ది, పైన రేకుమూత బిగించేశాడు. నేనున్నానని ప్రేక్షకుల్లో ఒక్కడికీ తెలీదు. అంతకన్నా పెద్ద మర్యాద మా జాతికి లేదు. తర్వాత కొత్త యంత్రాలొచ్చాయి, నన్ను తూకానికి అమ్మేశారు. పాత సామాన్ల కొట్లో తుప్పుపట్టిన ఫ్యాన్ల మధ్య కూర్చున్న నన్ను విశ్వపతిగారు చూశారు. చూడగానే, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినవాడికి పట్టినట్టు ఆయనకి చెమటలు పట్టాయి.

విశ్వపతిగారు కాకినాడ ఓడరేవులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన ముందుగదిలో మనిషెత్తు స్పీకర్లు, ఆంప్లిఫయరు, గోడ నిండా రికార్డులు ఉండేవి. ఆదివారం ఆదివారం స్నేహితులొచ్చి పాటలు వినేవారు. "ఇది ఇళ్లలో వాడేది కాదండోయ్, సినిమా హాల్లోది," అని నన్ను చూపించి మురిసిపోయేవారు ఆయన. నిజమే, కానీ ఆ గదికి నేనెందుకు? ఇద్దరికి పెసరట్లు పోయడానికి గాడిపొయ్యి తవ్వినట్టుంది. ఏ పనీ లేకపోయినా ముస్తాబు చేసుకుని కూర్చున్నందుకు నాకు మొదటిసారి సిగ్గేసింది.

ఏళ్లు గడిచాయి. నా కుడివైపు మీటలు నెమ్మదిగా పైకి పాకుతున్నాయి. పండక్కి ఒక వెంట్రుకవాసి, దీపావళికి మరో వెంట్రుకవాసి. అభిరుచి మారిందేమో అనుకున్నాను. కాదు. ఆయన చెవిలో సన్నటి ధ్వనులు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. అది ఆయనకి తెలీదు, రికార్డులు అరిగిపోతున్నాయని అనుకుంటున్నారు. వచ్చినవాళ్లకి మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. ఆయన ప్రాణస్నేహితుడు చయనులుగారు మెల్లిగా కుర్చీ వరండాలోకి మార్చేసుకున్నారు.

"అక్కడెందుకండీ, లోపలికి రండి," అని పిలిచేవారు విశ్వపతిగారు.

"ఇక్కడ గాలి బావుందండీ," అనేవారు చయనులుగారు, చెమట తుడుచుకుంటూ.

ఒక్కరూ నిజం చెప్పలేదు. ఆ ఇంట్లో పెట్టే పెసరట్లు అంత బావుండేవి మరి.

ఆ పెసరట్లు పోసే ఆయన భార్య సుభాషిణిగారిది మొదటినుంచీ మెత్తటి మాట. ఆవిడ వంటింట్లోంచి ఏదైనా అంటే విశ్వపతిగారికి అక్షరాలు రాలిపోయి ముద్దలా చేరేది. "ఏమిటే ఆ నమలడం? నోట్లో ఏం పెట్టుకున్నావు? విడమరిచి చెప్పు," అని కసురుకునేవారు. నలుగురి ముందూ అదే మాట. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆవిడ మొదట్లో గట్టిగా చెప్పి చూసింది. తర్వాత రెండోసారి చెప్పడం మానేసింది. ఆ తర్వాత మొదటిసారి చెప్పడమూ తగ్గించేసింది. నా మీటల మీద ఆయన చెవుల సంగతంతా బాహాటంగా కనిపిస్తూనే ఉంది. చెప్పడానికి నాకు నోరేదీ? ఆవిడ ముందు నాకు ముఖం చెల్లేది కాదు.

ఆవిడకి మిగిలిన గొప్ప ఒక్కటే. పుట్టింటివారి పెళ్లిళ్లలో పిల్లని అత్తవారి చేతుల్లో పెట్టేటప్పుడు అప్పగింతల పాట పాడేది ఆవిడే. వాళ్లమ్మ దగ్గర నేర్చిన పాట. అది విని కళ్లు తడవని మగపెళ్లివారు లేరట. ఆవిడ అన్నగారి కూతురు లహరికి పెళ్లి కుదిరింది. వదినగారు ఫోను చేసి పాట గుర్తుచేస్తే సుభాషిణిగారు అన్నమాట నేను విన్నాను.

"నేను పాడనులే వదినా. గొంతు ముద్దయిపోయింది. నా మాటే ఇంట్లో తెలియడం లేదు, ఇంక పాటేం తెలుస్తుంది?"

అదండీ జరిగింది. ఆయన చెవిలో లోపాన్ని ఆవిడ తన గొంతులో పెట్టేసుకుంది.

పక్కగదిలో ఉన్న విశ్వపతిగారికి ఆ మాట వినబడలేదు, తర్వాత వదినగారే ఆయనకి ఫోను చేసి సంగతి చెప్పారు. నాకు పని దొరికిందని ఆయన ఉప్పొంగిపోయారు. "నీ గొంతు సంగతి నాకొదిలెయ్యి. దానికి మెరుగు పెట్టే సాధనం నా దగ్గరుంది," అన్నారు భార్యతో. ప్రేమతోనే అన్నారు, అందులో సందేహం లేదు. పెళ్లిరోజు నన్ను పాత పంచెలో చుట్టి కల్యాణ మండపానికి మోసుకెళ్లి, అక్కడి మైకుసెట్టుకి తగిలించమన్నారు. మైకుసెట్టతను నన్ను ఎగాదిగా చూసి, "మీ ఇష్టం సార్," అని తప్పుకున్నాడు.

మధ్యాహ్నం అప్పగింతలు మొదలయ్యాయి. లహరి అరచేతులు పాలల్లో ముంచి అత్తవారి చేతుల మీద అద్దుతోంది. సుభాషిణిగారు మైకు ముందు నిలబడింది. చీర కొంగు వేళ్లకి చుట్టుకుంటోంది. మొదటి పాదం అందుకుంది. విశ్వపతిగారు నా పక్కన కూర్చుని కుడివైపు మీటల్ని తోశారు, ఇంకా తోశారు, ఇంక పైకి పోనంతవరకూ తోశారు.

అయ్యో, నన్నెందుకు పుట్టించారో ఆ పనిని సరిగ్గా తిరగేసి చేశాను. ఆవిడ నోట్లో వచ్చిన ప్రతి సకారం హాల్లో కొరడాలా చరిచింది. ఆ వెనకే సన్నటి కూత లేచింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. మగపెళ్లివారిలో ఒకాయన "ఎవరండీ ఈవిడ, ఈల వేస్తోంది?" అన్నాడు. ఏడవాల్సిన పెళ్లికూతురికి ఆపుకోలేక నవ్వొచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిపోవడమంటే ఇదే. హాలంతటిలో చెవులు మూసుకోని మనిషి ఒక్కరే, విశ్వపతిగారు. ఆ సన్నటి కూత ఆయన చెవిలో దూరదు. ఎన్నో ఏళ్ల తర్వాత భార్య మాటల్లో అక్షరాలు మాత్రం ఆయనకి విడివిడిగా వినబడుతున్నాయి. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

సుభాషిణిగారు రెండో పాదం దగ్గర ఆగిపోయింది. తప్పు తన గొంతుదే అనుకుంది పిచ్చి ఇల్లాలు. మైకు వదిలేసి, తల వంచుకుని పక్కకి వెళ్లబోయింది. లహరి పాలచేతులతోనే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వెళ్లకత్తా. ఆ మైకొద్దు. నాకు చెప్పు చాలు."

ఆవిడ లహరి చెంపకి చెంప ఆనించి, మైకు లేకుండా మళ్లీ ఎత్తుకుంది. మెత్తటి పాట. జనం వరుస వరుసగా దగ్గరికి జరిగారు. వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇందాక ఈల అన్న పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

నా పక్కన విశ్వపతిగారు అయోమయంగా చూస్తున్నారు. సుభాషిణిగారి పెదవులు కదులుతున్నాయి, ఆయనకి మాత్రం ఒక్క అక్షరమూ అందడం లేదు; పిల్లతో ఏదో చెబుతోందనుకున్నారు. పెళ్లికొచ్చి పక్కనే కూర్చున్న చయనులుగారి మోచెయ్యి పట్టుకుని అడిగారు.

"పాట మధ్యలో ఆపేసిందేమండీ?"

చయనులుగారు ఆయన వైపు తిరిగారు. "ఆపలేదండీ," అన్నారు. "పాడుతోంది. అందరం వింటున్నాం."

విశ్వపతిగారు హాలంతా కలయజూశారు. ఏడుస్తున్న ముఖాలన్నీ చూశారు. తర్వాత నా కుడివైపు మీటల్ని చూశారు. ఆయన తల దించేసుకున్నారు. భూమి చీలితే ఇద్దరం కలిసి దిగిపోయేవాళ్లం.

ఆ తర్వాత చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. ఇప్పుడాయన చెవుల్లో చిక్కుడుగింజంత యంత్రాలున్నాయి. వాటి లోపలా మీటలే ఉన్నాయట, కంటికి కనబడనివి. నేను ఇల్లంతా అదరగొట్టి చేసిన పని, ఆ గింజలు ఆయన చెవి దాటకుండా చేస్తాయి. నాకు పోటీ వచ్చిందని బాధ లేదు. తలవంపులు తప్పాయి.

అవి పెట్టుకొచ్చిన రోజు ఆయన ఎవరినీ పిలవలేదు. ముందుగదిలో కూర్చుని, నా మీటల్ని ముట్టుకోకుండా, ఎప్పటిలా ఎక్కించి ఉన్నవాటిని అలాగే ఉంచి, తనకిష్టమైన రికార్డు పెట్టారు. మొదటి చరుపుకే ఉలిక్కిపడ్డారు. చెయ్యి నా మీదికి వచ్చింది. దించుతారనుకున్నాను. దించలేదు, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. రికార్డు అయిపోయేదాకా పళ్లు బిగించి, మొత్తం విన్నారు.

సుభాషిణిగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇన్నేళ్లూ నువ్వు ఇదే విన్నావా?" అని అడిగారాయన.

"ఇదే విన్నాను."

"నాతో ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"చెప్పానండీ," అంది ఆవిడ మెత్తగా. "చాలాసార్లు చెప్పాను. నములుతున్నానన్నారు."

ఆయన చెయ్యి యంత్రం తీసేయబోతున్నట్టు చెవి దాకా వెళ్లింది. తీయలేదు. పక్కనున్న కుర్చీని ఆవిడ వైపు జరిపారు.

"ఇంకోసారి చెప్పు," అన్నారు.

ఆవిడ కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.