మామగారి చెవికి అందిన వయొలిన్

పాత సామాన్ల కొట్టాయన రెండు రికార్డు ప్లేయర్లు తుడిచి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఎర్రటి పెట్టెలో ముద్దొస్తోంది, ధర కూడా తక్కువే. టైలరమ్మ చెయ్యి దాని మీదికే పోయింది.

"అది పైన పటారం, లోన లొటారం అమ్మా. దాని ముల్లు బరువు, రికార్డుని దున్నేస్తుంది. ఈ రెండోది తీసుకోండి, కాస్త బేరం చేసినా ఇస్తాను" అన్నాడాయన. ఇంత నిజం చెప్పేవాడు కొట్టు ఎలా నడుపుతున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆమె దగ్గరున్నది ఒకే ఒక చిన్న రికార్డు. అందులో వయొలిన్ వాయించింది ఆమె మామగారు. అట్ట మీద పాడినాయన పేరు తప్ప ఇంకెవరి పేరూ లేదు. ఇంట్లో రికార్డు ప్లేయరు ఏనాడూ లేదు కాబట్టి, వయసులో వాయించి వచ్చిన ఆ పాటను మామగారు ఇంతవరకూ వినలేదు. ఇప్పుడేమో చెవులు మొరాయిస్తున్నాయి. కుక్కర్ ఈల, మనవరాలి పిలుపు వినిపించడం మానేశాయి. మిగిలిన వినికిడి కూడా ఎంతో కాలం నిలవదని డాక్టరు తేల్చేశాడు. ఆలోగా ఆయన తన వయొలిన్ తాను వినాలని ఆమె పంతం. అందుకే ఆయన్ను కూడా వెంటబెట్టుకొచ్చింది.

కొట్టాయన రెండోదాని మీద రికార్డు పెట్టాడు. పాట మొదలైంది, వెనకే సన్నగా వయొలిన్. మామగారు తల వంచి విన్నారు.

"బాగుందమ్మా" అన్నారు.

ఉప్పు వెయ్యడం మరిచిన కూరను కూడా ఆయన ఇలాగే మెచ్చుకుంటారు. వయొలిన్ ఆయనకు వినపడలేదని ఆమెకు అర్థమైంది.

అంతలో లోపల చక్రమేదో కిర్రుమంది. మిషను కిర్రుమంటే చుక్క నూనె వెయ్యడం ఆమె చేతికి అలవాటైన పని. సంచీలోంచి నూనె డబ్బా తీసి, పక్కనున్న సందులోంచి వేసేసింది.

"అయ్యయ్యో! ఇది కుట్టుమిషను కాదమ్మా!" కొట్టాయన లబోదిబోమన్నాడు.

నూనె తగిలి లోపలి బెల్టు జారింది. రికార్డు ఈడ్చుకుంటూ తిరిగింది. పాడినాయన గొంతు జలుబు చేసినట్టు బొంగురుపోయింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో పక్కకి చూసేసరికి, బల్ల అంచు మీద మామగారి ఎడమచేతి వేళ్ళు ఆడుతున్నాయి.

కొట్టాయన గొణుక్కుంటూ నూనె తుడిచి, వేరే బెల్టు తొడిగాడు. పాట మళ్ళీ చక్కగా సాగింది. ఆ వేళ్ళు మాత్రం ఆగిపోయాయి.

"వయొలిన్ ఆపేశారేంటమ్మా?" అన్నారు మామగారు.

వయొలిన్ మోగుతూనే ఉంది.

మెల్లగా తిరిగినప్పుడు సన్నటి శబ్దం లావై ఆయన చెవికి అందిందని ఆమెకు అప్పుడు తట్టింది. "ఏమండీ, దీన్ని ఇందాకట్లా మెల్లగా తిప్పే దారేమైనా ఉందా?"

"పెద్ద రికార్డుల కోసం ఈ మీట ఉంది. కానీ చిన్న రికార్డుని అందులో వింటే పాట ఖూనీ అయిపోతుందమ్మా. పాడినాయన వింటే ఊరుకుంటాడా?"

"పాడినాయన కోసం కొనట్లేదండీ. మీట వెయ్యండి."

బొంగురు గొంతు వెనక వయొలిన్ బరువుగా వచ్చింది. మామగారు కళ్ళు మూసుకున్నారు. వేళ్ళు మళ్ళీ ఆడాయి. అంత సంతోషం ఆ ముఖంలో ఆమె ఎన్నడూ చూడలేదు. ఉన్నట్టుండి ఆయన బల్ల మీద చరిచారు.

"ఇదిగో, ఇక్కడే! ఇక్కడ నా వేలు జారిందమ్మా. ఇంకోసారి వాయిస్తానంటే, చాల్లే పొమ్మన్నారు!"

ఆమెకు ఆ తప్పు వినిపించనే లేదు. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన నవ్వుతున్నారు, నవ్వుతూనే ఆయన కళ్ళూ నిండాయి.

"మళ్ళీ పెట్టించమ్మా" అన్నారు. "ఈసారి కూడా జారుతుందేమో చూద్దాం."