మీ వీధి మొదట్లో ఉన్నాం

పైడితల్లి కరక్కాయ ముక్క దవడన పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా దగ్గి గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆటోలో మైకు పట్టే ముందు చేసే పనే. ఈసారి ఆటో లేదు, మైకూ లేదు. కాశీబుగ్గలో జీడిపప్పు గోదాము మీద చిన్న గది. చప్పుడు రాకుండా గోడలకు పరుపులు కట్టారు. బల్ల మీద ఒక ఫోను.

ఈ ఎన్నికలకు అభ్యర్థి గోపాలరావు మైకు ఆటోలు వద్దన్నాడు. ప్రచారమంతా ఫోన్లలోనే. విశాఖ నుంచి వచ్చిన ఝాన్సీ ఏ ఊరికి ఏ వీడియో, ఏ వయసువాళ్లకు ఏ మాట అని కంప్యూటర్లో పంచిపెట్టింది. ఉద్దానంలో ఒక్కరూ చివరిదాకా వినలేదు. ఆఖరికి ఎవరో పైడితల్లి పేరు చెప్పారు.

"ఇదీ వినకపోతే ఇంక మీతో పనుండదు బాబాయ్ గారూ. ఏమీ అనుకోకండి," అంది ఝాన్సీ.

పైడితల్లి కరక్కాయ ముక్కను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకున్నాడు. పెళ్లి లేదు, తోట లేదు. మైకు లేకపోతే అతన్ని పిలిచేవాళ్లే లేరు.

పరుపుల్ని చూస్తే మాట రాలేదు. రెండుసార్లు ఆగిపోయాడు. మూడోసారి కళ్లు మూసుకున్నాడు. అక్కుపల్లి వీధి కనబడింది. ఇసుక, వలలు కుట్టే మగాళ్లు, గుమ్మాల్లో ఆడవాళ్లు. ఎడమచెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది.

"ఓ బావా! ఓలప్పా! నాను, పైడితల్లిని! మన గోపాలరావు బాబుని మరిసిపోకండి. బేగి బయటికి రండి, మీ వీధి మొదట్లో ఉన్నాం!"

ఝాన్సీ గడియారమే చూస్తోంది. సమయం సరిపోయింది. నలభై ఊళ్ల వాట్సాప్‌లకు పంపేసింది.

టీ తాగి వచ్చేసరికి ఊళ్ల నుంచి వచ్చే వాయిస్ మెసేజ్‌లతో ఫోను ఆగకుండా మోగుతోంది. ఝాన్సీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది, మొహం పాలిపోయింది. తీసి అతని చెవులకు పెట్టింది.

"పైడితల్లీ, ఏ మూలనున్నావురా? ఈదంతా ఎతికినాం!"

"గొంతు అలగుందేటి, జొరమా?"

"ఒరే, నాను గంగమ్మని. పొయ్యి మీద సేపల కూర ఒగ్గీసి వచ్చినాను. మాడిందంటే నీ పీక నొక్కుతాను!"

పైడితల్లి పొట్ట కదిలింది. భుజాలు కదిలాయి. కళ్లల్లోంచి నీళ్లు కారేదాకా నవ్వాడు. అతను నవ్వడం ఝాన్సీ చూడటం అదే మొదటిసారి.

ఆమె కంప్యూటర్ వైపు తిరిగి లెక్క చూసింది. మళ్లీ చూసింది.

"అందరూ చివరిదాకా విన్నారు బాబాయ్ గారూ! రేపటి నుంచి రోజూ మీ గొంతే. ఎన్నికలయ్యేదాకా ఇక్కడే ఉండండి."

"రేపటి మాట రేపు సూద్దాం తల్లీ," అంటూ పైడితల్లి హెడ్‌ఫోన్స్ తీసేశాడు. "వచ్చీసినానని సెప్పినాను కదా. ఎండలో నిలబడిపోయున్నారు."

"నలభై ఊళ్లకి వెళ్తారా?"

"ముందు అక్కుపల్లి. గంగమ్మ కూర మాడకముందే."

మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగిపోయింది. కింద కిరాయి ఆటో కదిలింది. మైకు లేకపోయినా మలుపు తిరిగేదాకా అతని గొంతు పైకి వినబడుతూనే ఉంది.

బల్ల మీద, కరక్కాయ వాసనేస్తున్న హెడ్‌ఫోన్స్‌లోంచి ఎవరో సన్నగా అడుగుతున్నారు: "వత్తన్నావా, నేదా?"